మేస్త్రీగారూ, ఒక మాట: లాంచ్ కంట్రోల్‌తో పికప్ ఎంత, ఖర్చు ఎంత?

పోయిన నెల రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు తిరిగి తిరిగి లాంచ్ కంట్రోల్ దగ్గరే ఆగాయి, అంటే నిలబడి ఉన్న బండిని కంప్యూటర్ సాయంతో వీలైనంత వేగంగా ఉరికించే ఏర్పాటు దగ్గర. అడిగినవాళ్లలో పోర్షే కొన్నాయన ఉన్నారు, అమెరికాలో కొడుకు మస్టాంగ్ కొన్నాడని బెంగ పెట్టుకున్న తల్లి ఉన్నారు, ఇంకా లైసెన్సు రాని కుర్రాడూ ఉన్నాడు. మైలేజీ, బ్యాటరీ ప్రశ్నలు పంపినవాళ్లు ఈ నెలకి క్షమించాలి.

ప్రశ్న: ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 911 కరేరా ఎస్ కొన్నాను. 2020 మోడల్, పీడీకే గేర్‌బాక్సు, స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ ఉంది. అమ్మినాయన లాంచ్ కంట్రోల్ ఉందని గొప్పగా చెప్పాడు గానీ చేసి చూపించలేదు. ఎలా వాడాలి? వాడితే బండి పాడవుతుందా? మా ఆవిడ మాత్రం అది చేసేటప్పుడు పక్కన కూర్చోనని ముందే చెప్పేసింది.
— ఎస్.ఆర్., కొండాపూర్

జవాబు: మీ మోడల్‌కి కంపెనీ ప్రకటించిన అంకెలు చూడండి. పీడీకే, అంటే పోర్షే వాళ్ల రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు, ఉన్న కరేరా ఎస్ సున్నా నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి 3.7 సెకన్లు. దానికే లాంచ్ కంట్రోల్ ఇచ్చే స్పోర్ట్ క్రోనో తోడైతే 3.5. ఇంజను అదే, 450 హార్స్‌పవర్. తేడా సెకనులో అయిదో వంతు. ఈ తతంగమంతా ఆ అయిదో వంతు కోసమే.

అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మిగతాది తేలిక. నిలబడి ఉన్న బండిని గట్టిగా లాగాలంటే రెండు చిక్కులున్నాయి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు క్లచ్ వదిలితే పికప్ ఉండదు, ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బోలో ఒత్తిడీ ఉండదు. బాగా రేజ్ చేసి ఒక్కసారి వదిలితే టైర్లు ఉన్నచోటే తిరిగి పొగ లేస్తుంది, బండి మాత్రం కదలదు. ఈ రెండింటి మధ్య సన్నని దారి ఒకటుంది. పాతకాలం రేసు డ్రైవర్లు దాన్ని పాదంతో వెతుక్కునేవారు, ఇప్పుడు కంప్యూటర్ వెతుకుతోంది. ఇంజనుని ఒక ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర కట్టేసి ఉంచుతుంది, టర్బోని నింపుతుంది, బ్రేకు వదలగానే క్లచ్‌ని కొద్దికొద్దిగా జారనిస్తూ పట్టిస్తుంది. ఏబీఎస్ కోసం పెట్టిన చక్రాల సెన్సర్లే ఇక్కడా పనికొస్తాయి. టైరు అసలు జారకుండా ఉంటే పూర్తి పట్టు రాదు. బండి వేగం కంటే చక్రం ఓ పది, పదిహేను శాతం ఎక్కువగా తిరుగుతున్నప్పుడు వస్తుంది. అక్కడ నిలబెట్టడం మనిషి వల్ల ఒకసారి అవుతుంది, రెండోసారి తప్పుతుంది. కంప్యూటర్ ప్రతిసారీ చేస్తుంది. అంతేగానీ లాంచ్ కంట్రోల్ వల్ల ఇంజనుకి కొత్తగా వచ్చే బలం ఏమీ లేదు. ఉన్న బలాన్ని టైరు మోయగలిగినంతే వదులుతుంది.

మీ బండికి ఇంకో సుళువుంది. ఇంజను వెనకే ఉంది, లాగే చక్రాలూ వెనకే ఉన్నాయి. బండి ముందుకి ఉరికినప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది కాబట్టి ఆ టైర్ల మీద ఇంకాస్త ఒత్తిడి పడి పట్టు పెరుగుతుంది. ముందు చక్రాలతో లాగే కార్లకి సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాటిలో లాంచ్ కంట్రోల్ పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదని నేననేది అందుకే.

ఇక పద్ధతి. హ్యాండ్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి. ఇంజను, గేర్‌బాక్సు రెండూ పూర్తిగా వేడెక్కి ఉండాలి. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, కాబట్టి ముందు ఓ పావుగంట, ఇరవై నిమిషాలు మామూలుగా నడపండి. స్టీరింగ్ తిన్నగా ఉంచండి. డ్రైవ్ మోడ్ మీటని స్పోర్ట్ ప్లస్‌కి తిప్పండి. ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి. కుడి కాలితో యాక్సిలరేటర్‌ని ఒక్క ఊపున అడుగంటా తొక్కండి. రొద ఒకచోట నిలబడుతుంది, మీటర్లో లాంచ్ కంట్రోల్ అని కనిపిస్తుంది. రెండు మూడు సెకన్లలోపే బ్రేకు వదిలేయాలి, అదీ సగం సగం కాకుండా పూర్తిగా. మనసు మారితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి, ఎదురుగా ఎవరో వచ్చినట్టు అనిపిస్తే ఆలోచించకుండా తీసేయండి. ఎడమ కాలికి బ్రేకు అలవాటు లేనివాళ్లు క్లచ్ తొక్కినంత బలంగా తొక్కుతారు. బండి నిలబడి ఉన్నప్పుడు దానివల్ల నష్టమేమీ లేదు గానీ కదిలే బండిలో ఆ అలవాటు రానివ్వకండి.

పాడవుతుందా అన్నారు. దీనికి నాతో పాటు ఓ చిన్న లెక్క చేయండి. మీ బండి 1,515 కిలోలు, మీరు ఎక్కితే 1,600 అనుకుందాం. మొదటి గేరులో క్లచ్ జారడం ఆగి పూర్తిగా పట్టుకునేసరికి వేగం 40 దగ్గర ఉందనుకుందాం. అప్పటికి బండిలో చేరిన శక్తి దాదాపు 100 కిలోజౌళ్లు. ఇంజను ఒకే వేగంతో తిరుగుతూ క్లచ్ జారుతూ పట్టుకున్నప్పుడు బండికి ఎంత చేరిందో సుమారు అంతే క్లచ్‌లో వేడిగా మారుతుంది. 100 కిలోజౌళ్లంటే రెండు గ్లాసుల టీకి నీళ్లు మరిగించేంత వేడి. స్టవ్ మీద నిమిషాలు పట్టే పని సెకనున్నరలో కొన్ని పల్చటి ప్లేట్ల మధ్య జరిగిపోతుంది. ఆ వేడంతా రెండు కిలోల ఉక్కులోకి వెళ్లిందనుకుంటే ఒక్క లాంచ్‌కే దాని ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరుగుతుంది.

పీడీకేలో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి ఆ వేడిని ఆయిల్ లాక్కుంటుంది. ఒకటి చేసి, నాలుగైదు కిలోమీటర్లు నింపాదిగా నడిపి, మళ్లీ ఒకటి చేస్తే బండికి ఏమీ కాదు. కంపెనీ దాన్ని తట్టుకునేలాగే కట్టింది. కానీ స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు పక్కన ఎక్కి, ప్రతివాళ్లకీ ఒకసారి చూపించడం ఉంటుంది చూశారా, అక్కడ ప్లేట్లు కాలతాయి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి గేర్‌బాక్సులు చాలానే దించి విప్పాను. కాలిన ఉక్కు ప్లేటు మీద నీలం మచ్చలుంటాయి, ఆయిల్ నల్లబడి మాడు వాసన కొడుతుంది. ఎప్పుడూ లాంచ్ చేయలేదని యజమాని ఎంత ఒట్టేసినా క్లచ్ మితిమీరి వేడెక్కిందని ఆ నీలం మచ్చలే చెప్తాయి. క్లచ్ ఒక్కటే కాదు, ఇంజను మౌంట్లు, యాక్సిల్ జాయింట్లు, వెనక టైర్లు కూడా ఆ దెబ్బ తింటాయి.

ఎక్కడ చేయాలన్నది మీరు అడగలేదు, నేనే చెప్తాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద కాదు. 158 కిలోమీటర్ల రోడ్డు, గంటకి 120 దాకా పోనిస్తారు, నిజమే. కానీ లాంచ్ చేయాలంటే ముందు ఆగాలి, వెనక లారీ 80లో వస్తుండగా ఆ రోడ్డు మీద ఆగడమే ప్రమాదం. పైగా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందేలు, వేగ పరీక్షలు చేస్తే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఏడాది, 10,000. అనుమతి ఉంటే మాట వేరు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ జరిగింది ఆ అనుమతితోనే, రోడ్డు మూసి, గోడలు కట్టి. ఇన్సూరెన్సు కాగితం కూడా ఒకసారి తీసి చూడండి. వాడకం మీద పరిమితులు అని ఉన్నచోట రేసులకి, స్పీడ్ టెస్టులకి పాలసీ వర్తించదని ఉంటుంది. ఎవరూ చదవని పేరా అది.

మనకి దగ్గర్లో సరైన చోటంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. మహారాష్ట్రలో లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ పోటీలు (తిన్నని దారిలో కొద్ది దూరం పెట్టే వేగం పందేలు) పెట్టారు, మీలాంటి కార్లు అక్కడికే వెళ్తాయి. నగరం రోడ్డు మీద ఇసుక, జీబ్రా గీతల పెయింటు, ఫ్లైఓవర్ జాయింట్లు ఉంటాయి. కంప్యూటర్ ఎంత తెలివైనదైనా ఎడమ టైరు ఇసుక మీద, కుడి టైరు తారు మీద ఉంటే బండి పక్కకి లాగుతుంది.

మీ ఆవిడగారి భయం సబబైనదే. పక్కన కూర్చునేవాళ్లకి ముందుగా చెప్పి, తల సీటుకి ఆనించమనండి. చెప్పకుండా చేస్తే మెడ పట్టేస్తుంది. డాష్‌బోర్డు మీద ఫోను, కప్ హోల్డర్‌లో కాఫీ ఉంచకండి.

ప్రశ్న: నాన్నగారి ఎస్‌యూవీ డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. అందులో లాంచ్ కంట్రోల్ లేదు. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కలిపి తొక్కి వదిలితే అదే పికప్ వస్తుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా అంకుల్?
— పేరు రాయొద్దన్న పాఠకుడు, ఖమ్మం

జవాబు: పేరు రాయొద్దన్నావంటే నాన్నగారు ఈ పత్రిక చదువుతారన్నమాట.

రాదు. ఇప్పటి కార్లలో రెండూ కలిపి తొక్కితే కంప్యూటర్ బ్రేకు మాటే వింటుంది, ఇంజను పవర్ తగ్గించేస్తుంది. మన మార్కెట్లో ఉన్న చిన్న డీసీటీల్లో చాలావాటికి క్లచ్‌లు ఆయిల్‌లో ఉండవు, పొడిగా ఉంటాయి. వేడి పోవడానికి చుట్టూ ఉన్న గాలి తప్ప దారి లేదు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిపినా, ఫ్లైఓవర్ ఎక్కుతూ బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచినా గేర్‌బాక్సు వేడెక్కిందని హెచ్చరిక వచ్చేది అందుకే. దాని మీద నువ్వు ఈ ప్రయోగం కూడా పెడితే గేర్‌బాక్సు దించాల్సి వస్తుంది. బిల్లు చూశాక నాన్నగారికి పేరు చెప్పక తప్పదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మస్టాంగ్ జీటీ అని కారు కొన్నాడు. వీడియో కాల్‌లో చూపిస్తూ ఇందులో లాంచ్ కంట్రోల్ ఉందమ్మా, కంపెనీయే ఇచ్చింది, తప్పేముంది అంటాడు. రాత్రిపూట స్నేహితులతో ఎక్కడికో వెళ్తున్నారట. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెప్పమంటారు?
— కె.ఎల్., గుంటూరు

జవాబు: అమ్మా, అబ్బాయి అన్నదాంట్లో సగం నిజం. మాన్యువల్ గేర్ల మస్టాంగ్ జీటీలో 2015 మోడల్ నుంచి ట్రాక్ యాప్స్ అని ఒక మెనూ ఉంటుంది, లాంచ్ కంట్రోల్ అందులోదే. దానితోపాటు లైన్ లాక్ అని ఇంకోటి ఉంటుంది. అది ముందు చక్రాల బ్రేకు పట్టి ఉంచి వెనక టైర్లని ఉన్నచోటే తిప్పి వేడెక్కిస్తుంది, పొగ బాగా వస్తుంది. అబ్బాయి మీకు పొగ వీడియో పంపి ఉంటే అది ఇదే. ఆ మెనూ తెరిస్తే ఇవి ట్రాక్ మీద వాడేందుకేనని రాసి ఉంటుంది. కంపెనీ ఇచ్చింది ట్రాక్ కోసమే. మీకు చెప్పకుండా వదిలేసిన సగం అది.

టెక్సాస్‌లో రోడ్డు మీద పందెం వేస్తే జరిమానా కట్టి ఇంటికొచ్చేయడం కుదరదు. అక్కడి ట్రాఫిక్ చట్టం ప్రకారం అది క్లాస్ బి నేరం. 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా ఉండొచ్చు. అరెస్టు చేస్తే వేలిముద్రలు తీసుకుంటారు, ఆ రికార్డు ఇమిగ్రేషన్ వాళ్లకి కనిపిస్తుంది. వీసా మీద ఉన్న పిల్లాడికి కారు కంటే అది పెద్ద సంగతి.

కానీ వద్దు అని ఊరికే అంటే వినడు, ఆ వయసు అలాంటిది. ఇలా చెప్పండి: డల్లాస్‌కి దక్షిణాన ఎన్నిస్ అనే ఊళ్లో టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. 1986లో కట్టిన డ్రాగ్ స్ట్రిప్. మామూలు జనం తమ సొంత కార్లు తెచ్చి నడుపుకునే రోజులు అక్కడ ఉంటాయి. ఫీజు కట్టాలి, వాళ్లు బండి తనిఖీ చేస్తారు, అవతల అంబులెన్సు ఉంటుంది. పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎన్ని సెకన్లలో వెళ్లాడో కాగితం మీద అచ్చు వేసి ఇస్తారు. ఆ చీటీ ఫోటో తీసి నాకు పంపు, దాచుకుంటాను అనండి. తల్లి అడిగితే వెళ్తాడు. మాన్యువల్ మస్టాంగ్‌లో లాంచ్ కంట్రోల్ ఆర్‌పీఎం పట్టి ఉంచుతుందే గానీ క్లచ్ వదలాల్సింది వాడి కాలే. మొదటి రోజు అక్కడి పెద్దవాళ్ల పాత కార్ల చేతిలో ఓడి రావడం ఖాయం, అది వాడికి మంచిదే.

ప్రశ్న: అన్నా, నేను షార్జాలోనే ఉంటాను. నిస్సాన్ జీటీ-ఆర్ ఒకటి చూశాను, 2009 మోడల్, రేటు తక్కువ చెప్తున్నాడు. పాత జీటీ-ఆర్‌లు లాంచ్ కంట్రోల్ వల్లే పోతాయని ఇక్కడ అందరూ అంటున్నారు. కొనొచ్చా?
— జగిత్యాల నుంచి వెళ్లిన పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. నువ్వు చూసిన తరం, అంటే ఆర్35 జీటీ-ఆర్, 2007 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 3.8 లీటర్ల వీ6, రెండు టర్బోలు, 480 హార్స్‌పవర్. దాని గేర్‌బాక్సు ఇంజను దగ్గర ఉండదు, బరువు సర్దుబాటు కోసం వెనక యాక్సిల్ దగ్గర పెట్టారు. ఇంజను నుంచి ఒక షాఫ్టు వెనక్కి వెళ్తుంది, ముందు చక్రాల కోసం ఇంకో షాఫ్టు వెనక నుంచి ముందుకి వస్తుంది. మొదటి కార్లలో బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి లాంచ్ చేస్తే ఇంజను 4,500 ఆర్‌పీఎం దగ్గర నిలబడి ఒక్క దెబ్బతో క్లచ్ పట్టేది. నాలుగు చక్రాలూ రోడ్డుని పట్టుకున్నాయంటే ఎక్కడా జారడానికి సందు ఉండదు, దెబ్బంతా గేర్‌బాక్సు లోపలే పడుతుంది. కొన్ని విరిగాయి. స్టెబిలిటీ కంట్రోల్ ఆపి నడిపారు కాబట్టి వారంటీ వర్తించదని కంపెనీ అంటే అమెరికాలో పెద్ద గొడవైంది. తర్వాత కంపెనీ ప్రోగ్రాం మార్చి, తక్కువ ఆర్‌పీఎం దగ్గర మెత్తగా వదిలేలా చేసింది. దాంతో పికప్ పెద్దగా తగ్గిందీ లేదు. ఎక్కువ రేజ్ చేస్తే ఎక్కువ వేగం అనుకునేవాళ్లకి ఈ కథే చెప్తుంటాను.

కాబట్టి నువ్వు చూడాల్సింది బండి ఏ ఏడాదిదని మాత్రమే కాదు. కొత్త ప్రోగ్రాం వేయించారా? గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఎన్ని లాంచ్‌లు జరిగాయో లెక్క ఉంటుంది, సరైన స్కానర్ ఉన్నవాడి దగ్గరికి తీసుకెళ్లి చదివించు. ఆ లెక్క చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడితో ఆపెయ్. గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు, ఏ ఆయిల్‌తో మార్చారో బిల్లులు అడుగు. ఇంజను ఆన్‌లో ఉండి బండి నిలబడి ఉన్నప్పుడు మధ్యభాగం నుంచి గలగలమని శబ్దం వస్తే అది ఇంజను వెనక షాఫ్టుని పట్టి ఉంచే బెల్ హౌసింగ్ బేరింగ్, ఈ కార్లకి ఉన్న పాత జబ్బే. దానికి ధర తగ్గించమను, భయపడక్కర్లేదు. వేడెక్కాక రివర్స్‌లో నెమ్మదిగా వెనక్కి పోతున్నప్పుడు బండి కుదుపులు వేస్తే మాత్రం క్లచ్ ప్లేట్ల సంగతి తేల్చుకోకుండా డబ్బు చేతిలో పెట్టకు.

పవర్ పెంచిన బండి అయితే నేను వద్దంటాను. అక్కడ జీటీ-ఆర్‌లని వెయ్యి హార్స్‌పవర్ దాటించేవాళ్లు వీధికొకరు ఉన్నారు, మళ్లీ కంపెనీ ప్రోగ్రాం వేసి మామూలు బండిలా అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇంజను బోల్టుల తలల మీద పాన పెట్టిన గీతలు కనిపిస్తే ఎందుకు విప్పారని అడుగు. కొన్నాక సరదా తీర్చుకోవాలంటే అబుధాబి యాస్ మరీనాలో డ్రాగ్ స్ట్రిప్ ఉంది, రోడ్డు మీద వద్దు.

ప్రశ్న: ఫార్ములా 1లో లాంచ్ కంట్రోల్ నిషేధం అని చదివాను. అంత పెద్ద రేసులో లేనిది మామూలు రోడ్డు కారులో ఎందుకు పెడతారు సార్? నేను ఇంటర్ చదువుతున్నాను.
— వి., రాజమహేంద్రవరం

జవాబు: మంచి ప్రశ్న. చేతకాక నిషేధించలేదు, మరీ బాగా చేస్తోందని నిషేధించారు.

90ల మొదట్లోనే ఎఫ్1 కార్లలో ఇలాంటి ఎలక్ట్రానిక్ సాయాలన్నీ వచ్చేశాయి. డ్రైవరు పని కంప్యూటర్ చేసేస్తోందని 1994 నుంచి వాటిని తీసేయించారు. కానీ ఇంజను ప్రోగ్రాంలో ఎవరు ఏం దాచారో పట్టుకోవడం కష్టమైంది. అనుమానాలు, ఆరోపణలు. చివరికి విసిగిపోయి 2001లో స్పెయిన్ రేసు నుంచి మళ్లీ అనుమతించారు. ఆ తర్వాతి రేసు ఆస్ట్రియాలో. లైట్లు ఆరాయి, నాలుగు కార్లు గ్రిడ్ మీదే ఉండిపోయాయి: హాకినెన్, ట్రుల్లీ, ఫ్రెంట్‌జెన్, హైడ్‌ఫెల్డ్. హాకినెన్ అంటే అప్పటికే రెండుసార్లు ప్రపంచ చాంపియన్. అంత పెద్ద జట్లకే మొదట్లో అది లొంగలేదు. కుదిరాక మాత్రం ఇంకో గొడవ మొదలైంది, అందరూ ఒకేలా బయల్దేరేవారు, స్టార్ట్‌లో చూడ్డానికి ఏమీ మిగల్లేదు. 2004లో లాంచ్ కంట్రోల్‌ని మళ్లీ ఆపారు. 2008లో అన్ని జట్లకీ ఒకే కంప్యూటర్ ఇచ్చి, నడుస్తుండగా చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా తీసేశారు. దాంతో దాచుకోవడానికి చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు స్టార్ట్‌లో డ్రైవరు చేతి వేళ్లతో స్టీరింగ్ వెనకున్న క్లచ్ మీట వదులుతాడు. రేసుకి ముందు వేసే రౌండులో కార్లు ఆగి ఆగి ఉరుకుతుంటాయి గమనించు, క్లచ్ ఎక్కడ పడుతోందో చూసుకోవడం, టైర్లు వేడెక్కించడం అప్పుడే జరుగుతాయి. అయిదు ఎర్ర లైట్లు ఆరగానే ఒకడు రెండు స్థానాలు ఎగబాకుతాడు, ఇంకొకడు మూడు పోగొట్టుకుంటాడు. జనం టికెట్ కొనేది అది చూడ్డానికి. రోడ్డు కారు కొన్నవాడు తన చేతి నైపుణ్యం చూపించడానికి డబ్బు కట్టలేదు. బ్రోచర్లో రాసిన సెకన్లు తనకీ రావాలని కట్టాడు.

ప్రశ్న: నా హ్యాచ్‌బ్యాక్‌కి టూ-స్టెప్ పెట్టించాలనుకుంటున్నా. సైలెన్సర్లోంచి టపాసుల్లా పేలుతుంది, లాంచ్ కంట్రోల్ కూడా వస్తుంది అన్నారు. ఎంతవుతుంది?
— ఆర్., కరీంనగర్

జవాబు: పెట్టించడానికి అయ్యేది చిన్న ఖర్చే, ఆ తర్వాత అయ్యేదాన్ని అడుగు. టూ-స్టెప్ ఇంజను స్పార్కు ఆపి ఆర్‌పీఎంని పట్టి ఉంచినప్పుడు కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో మండుతుంది, ఆ చప్పుడు దానిదే. బీఎస్6 బండిలో ఆ దారిలోనే పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. కొన్నాళ్లకి అది లోపల కరిగి మూసుకుపోతుంది, పికప్ ఉన్నది కూడా పోతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు. ముందు చక్రాలతో లాగే నీ బండికి ఆ లాంచ్‌తో కలిసొచ్చేది కూడా ఏమీ లేదు. పోలీసులు బైకుల సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద వేయించిన ఫోటోలు నువ్వూ చూసే ఉంటావు.

ప్రశ్న: నాది బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్, 3.8 సెకన్లలో 100 అందుకుంటుంది. ఏ సన్నాహం లేకుండా సిగ్నల్ దగ్గర ఊరికే తొక్కితే చాలు. మరి రెండు కోట్ల స్పోర్ట్స్ కార్లకి ఈ లాంచ్ కంట్రోల్ బాధంతా ఎందుకు? కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో కూడా లాంచ్ మోడ్ ఉంటుందట, క్లచ్చే లేనిదానికి అదెందుకు?
— ఎం.వి., మియాపూర్

జవాబు: మీరన్నది నిజమే. మోటారుకి సున్నా వేగం దగ్గరే పూర్తి లాగుడు ఉంటుంది, టర్బో నిండే దాకా ఆగక్కర్లేదు, జార్చుకుంటూ పట్టించాల్సిన క్లచ్ లేదు. టైరు జారబోతోందని తెలిసిన క్షణంలోనే మోటారు తగ్గుతుంది, పెట్రోలు ఇంజను అంత తొందరగా తగ్గలేదు.

కానీ టైరు దగ్గరికి వచ్చేసరికి అందరూ సమానమే. గంటకి 100 కి.మీ. అంటే సెకనుకి 27.8 మీటర్లు. టైరు పట్టు సరిగ్గా బండి బరువంత ఉందనుకుని, నాలుగు చక్రాలూ పూర్తిగా లాగినా ఆ వేగానికి చేరడానికి 2.8 సెకన్లు పట్టాలి. అంతకంటే తక్కువ అంకె ఎవరైనా చెప్తే రెండు సంగతులు అడగండి: టైర్లేమిటి, రోడ్డేమిటి. మూడోది కూడా ఉంది, గడియారం ఎప్పుడు మొదలుపెట్టారు? టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కి 1.99 సెకన్లని ప్రకటించారు. అది 60 మైళ్లకి, అంటే 97 కి.మీ.కి. పైగా డ్రాగ్ స్ట్రిప్ పద్ధతిలో మొదటి అడుగు దూరం కదిలాకే లెక్క మొదలవుతుంది. నిలబడి ఉన్న బండికి ఆ మొదటి అడుగే అన్నిటికంటే నెమ్మది. పెట్రోలు కార్ల అమెరికా అంకెల్లోనూ ఈ కిటుకు మామూలే, కాబట్టి రెండు కార్లని పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో కొలిచారో లేదో చూడండి.

ఎలక్ట్రిక్ కార్ల లాంచ్ మోడ్ చేసే పని వేరు. బ్యాటరీ చల్లగా ఉంటే ఒక్కసారిగా అంత కరెంటు ఇవ్వలేదు, అందుకని టెస్లా డ్రాగ్ స్ట్రిప్ మోడ్ ముందుగా బ్యాటరీని సరైన వేడికి తెచ్చిపెడుతుంది, బండి ముందుభాగాన్ని కిందికి దించుతుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది, సిగ్నల్ దగ్గర అయ్యే పని కాదు. చార్జింగ్ తగ్గేకొద్దీ పికప్ కూడా కొంత తగ్గుతుంది. 90 శాతంలో వచ్చిన సెకన్లు 20 శాతంలో రావు.

సిగ్నల్ దగ్గర 911ని దాటేశానని సంబరపడేముందు ఇంకో మాట. మీ బండికి గేరు ఒక్కటే, కంపెనీ దాన్ని 180 దగ్గర ఆపేసింది. కరేరా ఎస్ 308 దాకా వెళ్తుంది. 402 మీటర్ల పందెంలో సగం దాటాక లాగుడు అటువైపు మొగ్గుతుంది. మీ బండి రెండు టన్నుల పైన బరువు, కాబట్టి మీకు క్లచ్ ఖర్చు లేకపోయినా టైర్ల ఖర్చు ఉంది. రోజూ సిగ్నల్ దగ్గర ఇలా తొక్కుతుంటే ట్రెడ్ లోతు నెలకోసారి చూసుకోండి, ముఖ్యంగా వెనక టైర్ల లోపలి అంచు. బయటినుంచి బాగానే కనిపిస్తుంది, లోపల తీగ తేలి ఉంటుంది.